కుడి చెవిన గాటు

పోయిన వారం కథ ఉపేందర్ చేతిలోని విప్పని కవరు దగ్గర ఆగింది. దాన్ని విప్పడానికి అతనికి రెండు రోజులు పట్టింది. విప్పాక చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఇంటి అప్పు వాయిదాలకు మీరు కోరిన ఆరు నెలల విరామం విషయమై మా ఫీల్డ్ ఆఫీసరు గురువారం ఉదయం పది గంటలకు మీ ఇంటికి వచ్చి కుటుంబ స్థితిని పరిశీలిస్తారు" అని సూర్యాపేట బ్రాంచి వాళ్లు రాశారు. అంతే. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

ఈ ఇంటి గడప ఇవాళే తొక్కుతున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఉపేందర్ గొర్రెల కాపరుల ఇంటి పెద్దకొడుకు. పందొమ్మిదో ఏట మందను వదిలి మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ పనికి కుదిరాడు. మూడేళ్ల కిందట బ్యాంకు అప్పుతో కోదాడ శివార్లలో మూడు గదుల ఇల్లు కట్టాడు. ఇంట్లోకి వచ్చిన రోజునే, తమ్ముడు శ్రీనాథ్ ఏదో సలహా చెప్పబోతే, "ఈ ఇంట్ల నీది ఒక్క ఇటుక గూడ లేదు, నువ్వు మాట్లాడకు" అని పదిమందిలో అనేశాడు. శ్రీనాథ్ విస్తరి ముందు నుంచి లేచి మిర్యాలగూడ వెళ్లిపోయాడు. అక్కడే ఒక రైస్ మిల్లులో పని చేసుకుంటున్నాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. మొన్న దీపావళి దాటాక సిమెంటుకు గిరాకీ లేదని బట్టీ ఆపేశారు. జీతం ఆగింది గానీ నెలకు ఎనిమిది వేల వాయిదా ఆగలేదు. ఆరు నెలలూ ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టారు. "నా చీటీ పైసలున్నయి, నువ్వు పరేషాన్ గాకు" అని భార్య స్వర్ణ అంటే అతను నమ్మాడు. మే నెల వచ్చాక ఆ స్వర్ణే, "ఇగ నాతోని గాదు" అంది. అప్పుడు పెట్టాడు బ్యాంకుకు అర్జీ.

గురువారం పొద్దున స్నానం చేస్తూ ఉపేందర్ ఒకే మాటను మళ్లీ మళ్లీ అనుకున్నాడు. "మేడమ్, ఆరు నెలలు నాతోని కట్టుడు గాదు." బట్టీలో ఎగిసే మంటను నల్లద్దంలోంచి పదిహేనేళ్లు రెప్ప వేయకుండా చూసిన మనిషికి, ఆ చిన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతులో తడి ఆరిపోతోంది. అడగడం చేతకాక కాదు. అప్పు అడిగాడు, అడ్వాన్సు అడిగాడు, పెండ్లికి పిల్లను అడిగాడు. అప్పు అడిగేవాడు తన కలిమిని చూపిస్తాడు. వాయిదా ఆపమని అడిగేవాడు తన లేమిని చూపించాలి. కలిమిని చూపడం మనిషికి పుట్టిన దగ్గర నుంచీ అలవాటే. లేమిని చూపడం అతనికి ఎవరూ నేర్పలేదు.

తల తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చి నిలబడిపోయాడు. ఇది తన ఇల్లేనా?

కిటికీకి కొత్త పరదా వేలాడుతోంది. మూలన పెద్ద కూలర్ గుర్రుమని తిరుగుతోంది. నాలుగు ఎర్ర కుర్చీల మీద లేసు గుడ్డలు పరిచి ఉన్నాయి. వంటింట్లోంచి మసాలా వాసన వస్తోంది. తల్లి చంద్రమ్మ కొత్త చీర కట్టుకుని, గడపకు పసుపు రాస్తూ కనబడింది.

"అమ్మా, ఇదంత ఏందే? కూలర్ ఎవలిది?"

"పక్కింటి కృపాకర్ సారుది. ఒక్క పూట ఇయ్యమంటే ఇచ్చిన్రు. బ్యాంకామె వస్తదంటివి గద, బోసిపోయిన ఇల్లు సూపిస్తమా?"

"బోసిపోయిందనే సూపియ్యాలెనే!"

"నీ నోట్లె చక్కెర బోస్తననుకున్న, మన్ను బోస్త సూడు! అప్పు ఇచ్చేటప్పుడు గా బక్కసారు వచ్చిండు యాదికి లేదా? నాటుకోడి కూర తిని, నలభై గొర్లను సూసి, చెయ్యి కడిగిన తడి ఆరకముందే సంతకం బెట్టిండు. గప్పుడు పనిచేసింది గిప్పుడెందుకు పనిచెయ్యదు?"

ఆమె తర్కంలో దోషం ఎక్కడుందో అతనికి తెలుసు. చెప్పడమే చేతకాలేదు. చెప్పాలంటే ముందు, "మనం లేనోళ్లమైనం" అనాలి. ఆ మాట కొత్త చీర కట్టుకున్న తల్లి ముందు ఎట్లా అంటాడు? వంటింటి వైపు చూశాడు. స్వర్ణ అతని కళ్లలోకి చూడకుండా కూర కలుపుతోంది.

బయట, ఇంటి పక్కన కంప నాటిన దొడ్డిలో మంద నిలబడి ఉంది. కార్తీకమాసంలో మేత కోసం పాలకీడు వైపు పొలాలకు తోలుకుపోయిన తండ్రి నాగయ్య, బ్యాంకామె వస్తుందని కబురు పెడితే నిన్న పొద్దుగూకేసరికి తిరిగొచ్చాడు. ఆరు నెలల తర్వాత మందను చూసి ఉపేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. నలభై దాకా ఉన్నాయి. ఎండాకాలం కాబట్టి బక్కచిక్కాయి గానీ తగ్గలేదు.

"గొర్లు మంచిగున్నయి నాయినా."

"ఆఁ."

"అన్నిటికీ జాజు ఎందుకు బూసినవ్?"

నాగయ్య ఎర్రమట్టి అంటిన చేతులను పంచెకు తుడుచుకున్నాడు. "దిష్టి తగలకుండ" అన్నాడు, ఎటో చూస్తూ. ఆయన ఎప్పుడూ ఎటో చూస్తూనే మాట్లాడతాడు. దూరాన ఉన్న మేతను వెతికే కళ్లు కదా, దగ్గరి మొహాల మీద నిలవవు అని ఉపేందర్ చిన్నప్పుడే అనుకునేవాడు. ఇవాళ ఆయన చూపు మేత వైపు కాదు, పొద్దు వైపు పోతోంది. పది దాటింది. పదకొండు దాటింది. ఆఫీసరు రాలేదు. "ఇంక రాలేదేంది?" అని నాగయ్య నాలుగుసార్లు అడిగాడు. ఈ అప్పు గురించి మూడేళ్లలో ఒక్కసారి కూడా నోరు విప్పని మనిషికి ఇవాళ ఇంత తొందర ఏమిటో ఉపేందర్‌కు అంతుపట్టలేదు.

పన్నెండు అవుతుండగా ఒక గొడుగు, దాని కింద ఒక నడివయసు ఆడమనిషి సందు మలుపు తిరిగారు. భుజాన ఫైళ్ల సంచి, చేతిలో నీళ్ల సీసా, చెప్పుల నిండా దుమ్ము.

"ఉపేందర్ గారి ఇల్లు ఇదేనా? నా పేరు విజయ, సూర్యాపేట బ్రాంచి. హుజూర్‌నగర్ల ఇంకో ఇల్లు సూసొచ్చేసరికి ఆలస్యమైంది, ఏమనుకోకండి."

"ఎండల వడి వచ్చిన్రు, ముందుగాల కాళ్లు కడుక్కోండ్రి. అన్నం దిందురు" అంది చంద్రమ్మ.

"నీళ్లు తాగుతనమ్మా. అన్నం మాత్రం వద్దు."

"కోడిని కోసినంక వద్దంటే ఎట్ల బిడ్డా? గా కోడి ఉసురు ఎవలకు తగులుతది?"

విజయ నవ్వింది. "ఫీల్డుకు పోయిన కాడ తినను. తింటే నా కలం పెట్టినోళ్ల దిక్కు వంగుతది. ఇరవై ఏండ్ల నుంచి ఇదే అలవాటు."

ఆమె మూడు గదులూ తిరిగింది. తొందరపడలేదు. గోడలను చూసింది, బియ్యం డబ్బాను చూసింది, కూలర్ ముందు ఒక క్షణం ఆగి ముఖం మీద గాలి తగలనిచ్చింది.

"మంచి కూలర్. ఎప్పుడు కొన్నరు?"

"నిరుడు" అంది చంద్రమ్మ ఠక్కున.

విజయ రాసుకుంది. తర్వాత పెరట్లోకి వచ్చింది. చంద్రమ్మ సైగ చేస్తే స్వర్ణ దొడ్డి తడిక తీసింది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాయి.

"ఎన్ని?"

"నలభై" అంది చంద్రమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా లేచింది.

విజయ గోడనీడలో స్టూలు మీద కూర్చుని, ఫైలు తొడ మీద పెట్టుకుని చాలాసేపు రాసింది. తర్వాత తలెత్తింది.

"ఉపేందర్ గారూ, నేను సూసింది సూసినట్టు రాస్త. ఇల్లు మంచిగుంది. ఇంట్ల సామాన్లున్నయి. లక్ష పైన ఖరీదు చేసే గొర్ల మంద ఉంది. జీతం ఆగినా ఆరు వాయిదాలు ఒక్క రోజు తప్పకుండ కట్టిన్రు. ఇగ మీరే చెప్పండి, మీకు విరామం ఎందుకు?"

పొద్దుటి నుంచీ అతను ఎదురుచూసిన ప్రశ్న అదే. దానికి జవాబు నాలుక చివరే ఉండాలి. ఉపేందర్ నోరు తెరిచాడు. తల్లి మొహం కనబడింది. ఆమె కళ్లలో, పరీక్షలో తన కొడుకు మొదటివాడిగా వచ్చినట్టు ఒక వెలుగు. ఆ వెలుగును ఆర్పడానికి అతనికి చెయ్యి రాలేదు. నోరు మూసుకున్నాడు. తనలోపల ఎవరో మెల్లగా తలుపు గడియ పెట్టుకుంటున్న చప్పుడు అతనికి వినబడినట్టనిపించింది. ఈ చప్పుడు కొత్తది కాదు. ఈ ఆరు నెలలుగా చాలాసార్లు విన్నాడు.

విజయ ఒక్క నిమిషం ఆగింది. రెండు నిమిషాలు ఆగింది. తర్వాత కలం మూత వెతుక్కుంది. "సరే మరి" అని లేవబోయింది.

అప్పుడే సందు చివర నుంచి ఈల వినబడింది. మూడు పొట్టి ఈలలు, ఒక పొడుగు.

ముందు ఒక ముసలి గొర్రె తలెత్తింది. దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది అరిచింది. దానికి జవాబుగా ఇంకొకటి. మళ్లీ ఈల. ఆ ముసలిది మందలోంచి విడివడి, విజయ మోకాలిని రాసుకుంటూ, సందు వైపు నడిచింది. దాని వెనక రెండు, వాటి వెనక అయిదు. చంద్రమ్మ చేతులు చాచి "ఓయ్, ఓయ్" అని అడ్డం పడింది. గొర్రెలు ఆమెను చెట్టును దాటినట్టు దాటిపోయాయి. మిగిలినవి మాత్రం ఉన్నచోటనే నిలబడి, పోయేవాటిని పరాయివాళ్లను చూసినట్టు చూస్తున్నాయి. ఒకే రంగు జాజు పూసుకున్న మంద, కత్తెర పడ్డ గుడ్డలా రెండయింది.

మలుపులో భిక్షపతి కనబడ్డాడు. నాగయ్యకు వరుసకు తమ్ముడు, ఈ ఊరి చుట్టుపక్కలే మంద కాచుకుంటాడు. తలకు తువ్వాల, చేతిలో కర్ర. తన గొర్రెలు కాళ్ల చుట్టూ చేరుతుంటే అక్కడి నుంచే కేక వేశాడు.

"ఓ నాగయ్యన్నా! పదకొండింటికే ఇడుస్తనంటివి, పన్నెండు దాటింది! నీ బ్యాంకామె వచ్చిపోయిందా లేదా? వీటికి నీళ్లు తాపొద్దా?"

భిక్షపతి ఇంకో నాలుగడుగులు వేశాక గొడుగును చూశాడు. ఫైలును చూశాడు. "అయ్యో, ఈమెనా!" అన్నాడు, గొంతు తగ్గించి.

"మేతకు పోతున్నయి బిడ్డా" అంది చంద్రమ్మ విజయతో. "పొద్దాక గట్లనే పోతుంటయి, మల్ల వస్తయి."

విజయ ఉపేందర్ వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అది ఎదురుచూపు.

ఉపేందర్ వాకిట్లో మిగిలిన గొర్రెల దగ్గరికి నడిచాడు. ఒకదాని తల పట్టుకుని చెవి చూశాడు. కుడి చెవి కొసన చీలిన గాటు. తమ ఇంటి గుర్తు. పిల్ల పుట్టిన పదో రోజున తండ్రి కోస్తుంటే, చిన్నప్పుడు పసుపు పట్టుకుని పక్కన నిలబడినవాడు తనే. నిన్న సాయంత్రం మందను చూసి సంబరపడ్డాడే గానీ ఒక్క చెవి చూడాలని తట్టలేదు. లెక్క సరిపోతే చాలనుకున్నాడు.

"మేడమ్" అన్నాడు. తన గొంతే తనకు కొత్తగా వినబడింది. "గవి మాయి గావు. కూలర్ మాది గాదు. పరదా మాది గాదు. కుర్చీలు మాయి గావు." కొంచెం ఆగి, "కోడి ఒక్కటే మాది" అన్నాడు.

స్వర్ణకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరు నెలలు నాతోని కట్టుడు గాదు మేడమ్." పొద్దున గొంతులో ఎండిపోయిన మాట ఇప్పుడు దానంతట అదే వచ్చేసింది. చెప్పాక, ఆకాశం విరిగి మీద పడలేదు. తల్లి కూలిపోలేదు. గొర్రెలు గడ్డిపరకలు కొరుకుతూనే ఉన్నాయి. ఇంతేనా, అనుకున్నాడు.

తర్వాత తండ్రి వైపు తిరిగాడు. "మనయి యాడికి పోయినయి నాయినా?"

నాగయ్య కింద కూర్చున్నాడు. మొదటిసారి, ఎటో కాకుండా, కొడుకు మొహంలోకే చూశాడు.

"అమ్మిన."

"ఎన్ని?"

"పదారు. నెలనెలా అంగట్ల అమ్మి, పైసలు కోడలికి తోలిచ్చిన."

"చీటీ అంటివి గద స్వర్ణా?"

"మామ చెప్పొద్దన్నడు" అంది స్వర్ణ. "నీకు తెలిస్తే అన్నం దినవన్నడు."

"నలభై మంది నడుమ గడ్డం పైకెత్తి తిరిగేటోడివి" అన్నాడు నాగయ్య. "ఫ్యాక్టరీ బందైననాటి నుంచి తల దించుకొని నడుస్తున్నవ్. మంద సగమైందని సూస్తే ఇంక వంగుతవని, భిక్షపతి కాడ బదులు దెచ్చిన. బ్యాంకామెకు సూపియ్యనీకి గాదురా. నీకు సూపియ్యనీకి."

ఉపేందర్ అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. స్వర్ణ చీటీ ఎప్పుడో దసరాకే అయిపోయిందని అతనికి తెలుసు. ఆ చీటీ పాట పాడిన రోజున తనే పక్కన ఉన్నాడు. అయినా, "చీటీ పైసలు" అంటే తల ఊపాడు. మనసు తనకు కావలసిన అబద్ధాన్ని తనే ఇంటి ముందుకు పిలుచుకుని, వచ్చాక మర్యాద చేస్తుంది. అడక్కపోవడం తెలియకపోవడం కాదు. అడిగితే దొరికే జవాబును తను ముందే చూశాడు, చూసి గడియ పెట్టుకున్నాడు. తల్లి కూలర్‌తో చేసిన పనినే తను ఆరు నెలలుగా లోపల చేస్తూ వచ్చాడు.

విజయ మళ్లీ స్టూలు మీద కూర్చుంది. రాసిన కాగితాన్ని నిలువునా కొట్టేసి, కొత్తది తీసింది.

"పెద్దాయనా, ఉన్న మందల పదహారు అమ్మి వాయిదా కట్టిన్రంటే ఇబ్బంది అంటే గదే. నాకు కావలసిన రుజువు గదే. దాన్ని దాచి పక్కింటి కూలర్ సూపిస్తరా?"

"సిగ్గు బిడ్డా."

"నాకు తెల్వదా? మొన్న ఒకాయన పొరుగోళ్ల మోటర్‌సైకిల్ తెచ్చి వాకిట్ల నిలబెట్టిండు." ఆమె తల ఊపింది. "జర ఇనండి. ఇది మాఫీ గాదు. ఆరు నెలలు కట్టొద్దు, అంతే. వడ్డీ మాత్రం నడుస్తది. ఆ మేరకు అప్పు గడువు పెరుగుతది."

నాగయ్య ఆలోచించాడు. "బీడు పెట్టినట్టా?"

"అట్లనే అనుకోండి."

"బీడు పెట్టినా పన్ను ఆగది" అన్నాడు నాగయ్య తనలో తాను. "కానీ భూమి తేరుకుంటది. మంచిదే."

"ఇంకొక్కటి. ఆరు నెలలైనంక ఫ్యాక్టరీ మొదలైతదని నేను ఎట్ల నమ్మాలె? మేనేజర్ ముందుగాల గదే అడుగుతడు."

ఉపేందర్ తలెత్తాడు. ఈ ప్రశ్నకు అతను తడుముకోలేదు.

"బట్టీని తిప్పుతున్నరు మేడమ్. అది నిలువునా ఉండేది గాదు, అడ్డంగ పండుకొని ఉంటది, యాభై అరవై మీటర్ల ఇనుప గొట్టం. ఆపి గట్లనే ఇడిసిపెడితే తన బరువుకు తనే వంగిపోతది. మల్ల ఎన్నటికీ సక్కగ గాదు. అందుకే ఆపినంక గూడ పదిహేను రోజులకోసారి పావు సుట్టు తిప్పుతరు. ఖతం జేద్దామనుకున్న బట్టీని ఎవలూ తిప్పరు. నేను పక్షానికోసారి కంచె అవతల నిలబడి సూసొస్తున్న. మొన్న ఆదివారం గూడ తిప్పిన్రు. లోపలి ఇటుక గూడ కొత్తది దిగింది. దసరాకు మంట పెడతరు."

చెప్తూ చెప్తూ అతను లేచి నిలబడ్డాడు. చేతులతో ఆ గొట్టాన్ని గాలిలో తిప్పి చూపించాడు. చంద్రమ్మ కొడుకును విచిత్రంగా చూసింది. దీపావళి తర్వాత అతను ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆమె వినలేదు.

విజయ అంతా రాసుకుంది. "ఫ్యాక్టరీ నుంచి ఒక ఉత్తరం తెండి, ఇటుక సంగతి గూడ రాయించండి. నేనైతే ఇయ్యమనే రాస్తున్న." కలానికి మూత పెట్టి సంచిలో వేసి, జిప్పు లాగింది. చంద్రమ్మ వైపు తిరిగి, "కలం లోపల బెట్టిన. ఇగ ఆ కోడి ఉసురు నాకొద్దు, పెట్టమ్మా" అంది.

అందరూ ఆ లేసు గుడ్డల కుర్చీలు వదిలేసి, వంటింట్లో కింద కూర్చుని తిన్నారు. భిక్షపతి కూడా గొర్రెలకు నీళ్లు తాపి వచ్చి, ఎవరూ పిలవకముందే పళ్లెం ముందు కూర్చున్నాడు.

చెయ్యి కడుక్కున్నాక విజయ ఒక కాగితం తీసి ఉపేందర్ ముందు పెట్టింది. "ఇక్కడ మీ సంతకం. కింద రెండోది శ్రీనాథ్ గారిది. ఆయన యాడున్నడు?"



"వాని సంతకం ఎందుకు?" అన్నాడు ఉపేందర్.

"జాగా మీ ఇద్దరి పేరు మీద ఉంది గద, అప్పు గూడ ఇద్దరి పేరు మీదనే ఇచ్చినం. ఇద్దరూ ఒప్పుకోవాలె. పోయిన వారం ఇద్దరికీ ఉత్తరాలు పోయినయి. సోమవారం పన్నెండింటి లోపల ఈ కాగితం సూర్యాపేటల నా టేబుల్ మీద ఉంటే ఈసారికి అయితది. లేకపోతే మల్ల మూడు నెలలకు. అప్పటి దాకా వాయిదా తప్పితే నోటీసు వస్తది."

ఆమె బస్సుకు టైమయిందని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఉపేందర్ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాడు. రెండో గీత ఖాళీగా ఉంది. ఒక్క ఇటుక కూడా లేదని తను తీసిపారేసిన తమ్ముడి సంతకం లేకపోతే ఒక్క ఇటుక కూడా నిలవదు.

"శ్రీనాథా?" అన్నాడు భిక్షపతి, ఎముక పక్కన పెడుతూ. "మొన్న పెండ్లికి మిర్యాలగూడ పోయిన కాడ కనబడ్డడు గద. కాలువ గట్టు మీద, పొద్దుగూకే యాళ్లకు. గొర్లను మేపుతున్నడు."

"వానికి గొర్లెక్కడియిరా? వాడు మిల్లుల పనిచేస్తడు" అంది చంద్రమ్మ.

"నాకేం ఎరుక వదినె? మిల్లు దిగినంక మేపుతడట. ఓ పదిహేను పదారు ఉంటయి. మంచిచెడ్డలు మందలిద్దామని దగ్గరికి పోతే మొఖం తిప్పుకున్నడు. కానీ ఒకటి సూసిన." భిక్షపతి వేలితో తన కుడి చెవి కొసను చీల్చినట్టు గీశాడు. "అన్నిటికీ గీడ గాటు ఉంది. మీ గాటు."

నాగయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు. ఆయన కళ్లు ఇప్పుడు దూరాన్నీ దగ్గరినీ ఒకేసారి చూస్తున్నట్టున్నాయి.

"ఫకీరా" అన్నాడు మెల్లగా. "గొర్ల బేరగాడు ఫకీరా. ఈ కరువుల ఒక్కొక్కడు రెండు వేలకు గూడ అడగని గొర్లను మూడు వేలకు కొన్నడు. ఆరు నెలలల్ల ఒక్కనాడు నాతోని బేరమాడలే. నా మొఖం సూసి ఇస్తున్నడనుకున్న. ఎవలకోసం కొంటున్నడో అడగలే."

తండ్రి కూడా అడగలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

పదహారు గొర్రెలు, మూడు వేల చొప్పున. ఆ లెక్క ఉపేందర్ కట్టలేదు, దానంతట అదే కట్టుకుని అతని ముందు నిలబడింది. ఆరు వాయిదాలు. ఈ కప్పును ఆరు నెలలుగా మోస్తున్నది ఎవరో ఇప్పుడు వంటింట్లో అందరికీ తెలుసు. నోటితో అన్నవాళ్లు మాత్రం లేరు.

చంద్రమ్మ లేచింది. మిగిలిన కూరలోంచి ఏరి ఏరి ముక్కలు తీసి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, మూత బిగించి, కొడుకు చేతిలో పెట్టింది.

"కందనకాయ వానికే ఉంచిన. మూడేండ్లాయె దిని."

కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఇంజను ఆడుతోంది. "నేరేడుచర్ల, మిర్యాలగూడ, మిర్యాలగూడ!" అని కండక్టరు మెట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. ఉపేందర్ చొక్కా జేబులో మడిచిన కాగితం, సంకలో ఇంకా వెచ్చగా ఉన్న టిఫిను డబ్బా. బయలుదేరే ముందు స్వర్ణ తన ఫోను అతని చేతిలో పెట్టింది. తను మూడేళ్ల కింద తీసేసిన నంబరు ఆమె దగ్గర "మరిది" అన్న పేరుతో భద్రంగా ఉంది. నొక్కాడు. ఒకసారి మోగింది. రెండుసార్లు. ఎత్తడేమో అన్న భయంతో పాటు, ఎత్తకపోతే బాగుండన్న చిన్న ఆశ కూడా తనలో ఉండటం అతను గమనించాడు. ఈసారి దాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు.

మూడోసారికి ఎత్తాడు. వెనక ఎక్కడో ఒక గొర్రె అరిచింది.

"వదినె ఫోనే గాని, ఊపిరి నీది" అన్నాడు శ్రీనాథ్. "బ్యాంకు ఉత్తరం నాకు గూడ వచ్చింది అన్నా. ఇయ్యాల కాకపోతే రేపు చేస్తవని తెలుసు. ఒక్కటే అడుగుత, నిజం చెప్పు. సంతకం కోసం వస్తున్నవా, నాకోసం వస్తున్నవా?"

బస్సు కదిలింది. "ఎక్కుతవా ఉంటవా?" అని కండక్టరు కేక వేశాడు. ఉపేందర్ ఒక చేత్తో డబ్బాను గుండెకు అదుముకుని, మెట్టు మీద కాలు పెట్టి, నోరు తెరిచాడు.